గుళ్లో నీకు జరిగినదాని గురించి, పెద్దమ్మ ఉత్తరం

తల్లీ,

నీ మెసేజ్ రాత్రి చూశాను, మళ్లీ పొద్దున్నే లేచి చదివాను. శ్రీశైలంలో స్పర్శ దర్శనానికి వెళ్లి మల్లన్న మీద తల ఆనించిన క్షణంలో చుట్టూ ఉన్న గోలంతా ఆగిపోయిందని, నువ్వెవరివో నీకే గుర్తు లేకుండా పోయిందని, బయటికొచ్చాక ఒక స్తంభానికి ఆనుకుని ఎందుకో తెలియకుండా ఏడ్చావని రాశావు. "నాకేమైనా పిచ్చి పట్టిందా పెద్దమ్మా, లేక నిజంగా స్వామేనా, ఇప్పుడు నేనేం చేయాలి" అని అడిగావు. పిచ్చి కాదు. స్వామేనా అన్నది నేను తేల్చలేను, తేల్చి చెబుతామని ఎవరైనా వస్తే వాళ్లనీ నమ్మకు. ఏం చేయాలన్నది మాత్రం నాకు తెలుసు, ఎందుకంటే నాకూ ఒకసారి ఇలా జరిగింది, ఆ తర్వాత చేయకూడనివన్నీ చేశాను.

అప్పుడు నాకు 32 ఏళ్లు. శ్రీకాళహస్తిలో వాయులింగం దగ్గర, గాలి చొరబడని గర్భగుడిలో కూడా ఒక దీపం రెపరెపలాడుతూనే ఉంటుందని చెబుతారు కదా, ఆ దీపాన్నే చూస్తూ నిలబడ్డాను. ఉన్నట్టుండి దీపం కదలడం, నాలో ఊపిరి కదలడం వేరువేరు కాదనిపించింది. వెనకావిడ భుజం తట్టి జరగమంటేగానీ తెలివి రాలేదు. ఆ తర్వాత మూడు రోజులు ఎవరి మీదా కోపమే రాలేదు.

నాలుగో రోజు నుంచి అది మళ్లీ కావాలనిపించింది. నెలనెలా కాళహస్తి వెళ్లాను, అదే చీర, అదే ఉపవాసం, అదే చోటు కోసం ముందువాళ్లను తోసుకుంటూ కూడా వెళ్లాను. రాలేదు. స్వామి ఎదురుగా నిలబడి ఆయన్ని చూడకుండా, నాలో ఏమైనా మొదలవుతోందా అని నన్ను నేను చూసుకుంటూ ఉండేదాన్ని, అలా ఆరేళ్ల దర్శనాలు పోగొట్టుకున్నాను. నువ్వు వచ్చే వారమే మళ్లీ శ్రీశైలం వెళ్తానంటున్నావు. వద్దమ్మా, కొన్నాళ్లు ఆగు. వెళ్లిన రోజు మామూలుగా దణ్ణం పెట్టుకుని, ఏమీ జరగకపోయినా బయట కాసేపు కూర్చుని రా.

ఇంకో తప్పు, అందరికీ చెప్పుకున్నాను. పేరంటాల్లో, బస్సుల్లో, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ. చెప్పిన ప్రతిసారీ కొంచెం పెరిగింది, ఇప్పుడు అందులో జరిగిందెంతో నేను చేర్చిందెంతో నాకే తెలియదు, ఆ బాధ ఇంకా ఉంది. నారద భక్తి సూత్రాల్లో దేవుడి మీది ప్రేమ "మూకాస్వాదనవత్" అని ఉంటుంది, మూగవాడు రుచి చూసినట్టు అని. ఆ మాట నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. నా కథ విని ఒకాయన నాకు కుండలిని, అంటే లోపల నిద్రపోయే శక్తి, లేచిందని, శాంతి చేయించకపోతే ఇంటికి మంచిది కాదని భయపెట్టాడు, చేతి గాజులు అమ్మి ఇచ్చాను. భయపెట్టి డబ్బడిగే మనిషి దగ్గర ఒక్క నిమిషం కూడా నిలబడకు.

నీ ఒంటి సంగతి కూడా చూసుకోవాలి. రాత్రంతా ప్రయాణం, ఖాళీ కడుపు, గంటలకొద్దీ క్యూ, వీటికి కళ్లు తిరగడం మామూలే. మళ్లీ మళ్లీ స్పృహ తప్పుతున్నా, రాత్రిళ్లు నిద్ర లేకపోయినా, ఎవరో పిలుస్తున్నట్టు మాటలు వినిపిస్తున్నా డాక్టర్ దగ్గరికి వెళ్లు, దానివల్ల భక్తికేం లోటు రాదు. కన్నీళ్లు, గగుర్పాటు, గొంతు పూడుకుపోవడం మాత్రం కొత్తవి కావు, మన పెద్దలు సాత్విక భావాలని 8 లెక్కపెట్టి పెట్టారు, వాటిలో ఇవన్నీ ఉన్నాయి. వాటికి భయపడకు, అవి వచ్చాయి కాబట్టి పక్కవాళ్లకన్నా ఒక మెట్టు పైనున్నానని కూడా అనుకోకు.

రమణ మహర్షికి 1896లో మధురైలో చచ్చిపోతున్నట్టు అనిపించిన ఆ మరణానుభవం కలిగినప్పుడు 16 ఏళ్లు. ఆ తర్వాత ఆయన మీనాక్షి గుడికి వెళ్లి నాయనార్లనే 63 మంది శివభక్తుల విగ్రహాల ముందు కన్నీళ్లతో నిలబడేవారు. అది మళ్లీ రావాలని కాదు, వాళ్లకున్న భక్తి తనకూ కలగాలని వేడుకునేవారు. ఆ 63 మందిలో మన కాళహస్తి తిన్నడు, కణ్ణప్ప, ఒకడు. తిన్నడు ఏ అనుభవం కోసం వెళ్లాడు చెప్పు? లింగం కంట్లో నెత్తురు కారుతుంటే చూడలేక తన కన్ను పెట్టాడు. ఆ కథ చిన్నప్పటి నుంచీ వింటున్నా, ఆ ఆరేళ్లలో ఒక్కసారి కూడా నాకు తట్టలేదు, నేను వెళ్లింది తీసుకోవడానికేనని.

ఇంట్లో రోజూ ఒకే వేళకి దీపం పెట్టుకుని పది నిమిషాలు కూర్చో, చాలు. ఉన్నట్టుండి జపాలు, ఉపవాసాలు పెంచకు. ఎప్పుడైనా విసుగొచ్చినా, మనసు నిలవకపోయినా లేవకు, నాకు మిగిలినవి ఆ పొడి రోజులే.

జరిగింది జరిగినట్టు ఈ రాత్రికే నోట్‌బుక్‌లో రాయి, తేదీ వెయ్యి, ఏం తిన్నావో ఎంత నిద్రపోయావో కూడా రాయి, రేపటికే కొంత మారిపోతుంది. రాశాక మూసి పక్కన పెట్టు, నాకు కూడా చూపించక్కర్లేదు. అమ్మతో గొడవపడి ఫోన్ పెట్టేశావట, మొన్న చెప్పి బాధపడింది. ముందు తనకి ఫోన్ చెయ్యి, గుడి సంగతి చెప్పడానికి కాదు, ఊరికే.

మీ పెద్దమ్మ