బుజ్జమ్మా, ఆ క్యాచ్‌లో ఏం రాశావు?

బుజ్జమ్మా,

మొన్న మీ నాన్న ఫోన్ చేసి, నువ్వు ఎంటెక్ ప్రాజెక్టుకి బుడమేరు వరద లెక్క తీసుకున్నావని, ముప్పై ఏళ్ల వాన రికార్డులు మ్యాట్‌ల్యాబ్ సాఫ్ట్‌వేర్‌లో చదివిస్తున్నావని చెప్పాడు. ఎంత సంతోషం వేసిందో! 2024 సెప్టెంబరులో మన సింగ్ నగర్ ఇంట్లో కిటికీల దాకా నీళ్లొస్తే, మేడ మీద కూర్చుని ఎన్ని పాలప్యాకెట్లు మిగిలాయో లెక్కపెట్టిన పిల్లవి నువ్వు. అంతా బాగానే ఉంది గానీ, చివర్లో వాడు "మధ్యలో ఎర్రర్లొచ్చి ఆగిపోతుంటే, ఆగకుండా ఏదో చేసిందట" అన్నాడు. అప్పటినుంచీ నాకు ఒకటే టెన్షన్. ఏం చేశావే? ఎర్రర్ వస్తే ఆగిపోకుండా ఏం చెయ్యాలో ప్రోగ్రాంకి చెప్పే చోటు క్యాచ్ కదా, అందులో ఏం రాశావు?

నీకు తెలిసినవి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. ఫైల్ తెరుచుకోకపోయినా, తెరిచే కమాండు ఎఫ్‌ఓపెన్ గొడవ చెయ్యదు, మైనస్ 1 ఇచ్చి ఊరుకుంటుంది, అది చూసుకో. ఒక్కో వాన కొలిచే స్టేషన్ పూర్తవగానే ఫలితం సేవ్ చెయ్యి.

ఇక నా సంగతి విను. 2003లో గవర్నర్‌పేటలో ఒక చిన్న ఆఫీసులో పనిచేసేవాణ్ణి. ఒక కాలువ మీద కల్వర్టు కట్టాలి, దానికి వాన లెక్క కావాలి. రిజిస్టర్లలోని అంకెలన్నీ ఎవరో టైపు చేసి, నెలకో ఫైల్ చొప్పున ఇచ్చారు. మ్యాట్‌ల్యాబ్‌లోనే, సీఎస్‌వీరీడ్ అనే కమాండుతో చదివిస్తున్నాను. దానికి అంకె తప్ప ఇంకేదీ గిట్టదు, ఒక్క మాట అడ్డొస్తే ఫైల్ మొత్తం వదిలేసి ఎర్ర అక్షరాలు చూపిస్తుంది. పొద్దున్నే రిపోర్టు ఇవ్వాలి. రాత్రి పదకొండయింది. ట్రై అని రాసి లోపల చదవమన్నాను, క్యాచ్ అని రాసి ఆ నెలంతా సున్నాలు పెట్టేశాను. ఎర్ర అక్షరాలు పోయాయి. హాయిగా ఇంటికెళ్లి పడుకున్నాను.

మా ఆఫీసుకి ఒక రిటైరైన పెద్దాయన వచ్చి లెక్కలు సరిచూసేవారు. పెన్సిల్‌తో వరస వెంట వరస దిగుతూ ఒక అక్టోబరు దగ్గర ఆగిపోయి, "ఈ నెల చినుకు కూడా పడలేదా బాబూ? మా అమ్మాయి పెళ్లి పందిరి కొట్టుకుపోయింది ఆ నెల్లోనే కదా" అన్నారు. అసలు రిజిస్టరు తెప్పించాం. పొద్దున ఎనిమిదిన్నరకి రీడింగ్ తీసే మనిషి, ఆ రోజు గడిలో అంకె వెయ్యలేదు, "సీసా పొంగింది" అని రాశాడు. వానమాపకంలో పట్టనంత వాన. టైపు చేసినాయన ఆ మాటే ఉన్నదున్నట్టు కొట్టాడు. అంటే అన్నిటికన్నా పెద్ద వాన పడిన రోజుని నేను సున్నా చేశాను బుజ్జమ్మా, దాంతోపాటు ఆ నెలంతా ఎండగట్టాను. ఆ కల్వర్టు ఆ లెక్కతోనే కట్టి ఉంటే ఎవరి ఇంట్లోకి నీళ్లు వెళ్లేవో నాకు ఇప్పటికీ తలుచుకుంటే చెయ్యి వణుకుతుంది.

నీ ఎర్రర్లు కూడా ఎక్కడ పడితే అక్కడ రావు. వరద ముంచిన రోజే సెన్సారు కొట్టుకుపోతుంది, సిగ్నల్ పోతుంది, మనిషి గేజి దగ్గరికి వెళ్లలేడు. నీకు ఎక్కువ కావలసిన రోజునే ఫైల్ చదవడానికి రాదు.

అందుకని క్యాచ్ ఖాళీగా వదలకు, సున్నా అసలే పెట్టకు. మా రోజుల్లో చివరి ఎర్రర్ మెసేజ్ చూపించే లాస్ట్‌ఎర్‌తో సరిపెట్టుకునేవాళ్లం, నీకు క్యాచ్ పక్కన రాసుకునే ఎంఈ ఉంది కదా, ఎర్రర్ వివరాలన్నీ అందులోనే ఉంటాయి, దాని ఐడెంటిఫయర్, అంటే అది ఏ రకం తప్పో చెప్పే పేరు, చూడు. నువ్వు ముందే ఊహించిన తప్పయితే ఆ గడిలో ఎన్‌ఏఎన్, అంటే "ఇక్కడ అంకె లేదు" అనే గుర్తు పెట్టి, ఫైల్ పేరూ మెసేజూ ఒక లాగ్‌లో రాయించు. ఊహించనిదైతే రీత్రో చేసి, అంటే ఆ ఎర్రర్‌ని మళ్లీ బయటికి వదిలి, ఆగిపోనీ, రాత్రి పోతే పోయింది. ఇంకో మాట, ఎన్‌ఏఎన్ ఉంటే సగటు తీసే మీన్ కూడా ఎన్‌ఏఎన్ అయి నీకు చెబుతుంది గానీ, గరిష్ఠం తీసే మ్యాక్స్ మాత్రం దాన్ని దాటేసి మిగతావాటిలో పెద్దది ఇచ్చేస్తుంది. నువ్వు తీసేది ఏటా గరిష్ఠ వానే కదా! ముందు ఎన్‌ఏఎన్‌లని పట్టిచ్చే ఇజ్‌నాన్‌తో ఎన్ని పోయాయో లెక్కపెట్టు.

"ఇంతకు మించితే తప్పుడు అంకె" అని హద్దు పెట్టేటప్పుడు కూడా జాగ్రత్త తల్లీ. 2009లో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11.10 లక్షల క్యూసెక్కులు. అదే హద్దని ఎవరైనా అనుకుని ఉంటే, 2024లో వచ్చిన 11.43 లక్షలని ప్రోగ్రాం చెత్తబుట్టలో వేసేది. హద్దు దాటినదాన్ని పక్కన పెట్టి నీ కళ్లతో చూడు, చెరపకు.

రాత్రిళ్లు ల్యాబులో ఒక్కదానివే కూర్చోకు, ఫ్రెండ్‌ని తోడు పెట్టుకో. అన్నం మానేశావంటే మీ పెద్దమ్మ నన్ను తిడుతుంది. ఈసారి రన్ చేశాక ఆగిపోయిన ఫైళ్ల లిస్టు నాకు వాట్సాప్‌లో పెట్టు. ఏయే తేదీలో చూస్తాను. వాటిలో కొన్ని రోజులు నాకు గుర్తుండే ఉంటాయి.

మీ పెదనాన్న