పాత డ్రమ్ కిట్ కోసం చిట్టీ లేపాలా?

ప్రశ్న: మాది హన్మకొండ. వయసు 31. ప్రైవేటు బడిలో కంప్యూటర్ టీచర్‌ని, జీతం 28 వేలు. పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో డ్రమ్స్ వాయిస్తాను. ఆదివారాలు కాజీపేటలో చర్చికి వాయిస్తాను. ఆర్కెస్ట్రా మీద ఏడాదికి లక్షా 80 వేల దాకా వస్తుంది. ఈమధ్య హైదరాబాద్‌లో ఒకరి దగ్గర 1960ల నాటి లుడ్విగ్ కిట్ వాయించాను. ఆ సౌండ్ ఇంకా చెవిలోంచి పోవడం లేదు. 2 లక్షల 20 వేలు చెబుతున్నారు. ‘ఇది బంగారం లాంటిది, రేటు పెరగడమే తప్ప తగ్గదు’ అంటున్నారు. నాకు 3 లక్షల చిట్టీ ఉంది. 20 నెలల్లో ఏడు కట్టాను. ఎనిమిదో పాటలో 2 లక్షల 34 వేలకు లేపుదామనుకుంటున్నాను. లక్షా 60 వేల ఎఫ్‌డీ ఉంది, దాన్ని కదపను. అమ్మ నాతోనే ఉంటుంది. ఈ పెట్టుబడి మంచిదేనా?

జవాబు: ఎఫ్‌డీ కదపనన్నారు చూడండి, మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన మాట అదే. ఇక చిట్టీ సంగతి. చిట్టీ నడిపేవాళ్ల కమిషన్ ఎంతో మీరు రాయలేదు కాబట్టి 5 శాతం అనుకుని లెక్క వేస్తున్నాను. చివరి నెల దాకా ఆగితే 15 వేలు కమిషన్ పోను 2 లక్షల 85 వేలు చేతికొస్తాయి. ఇప్పుడే లేపితే 2 లక్షల 34 వేలు. నెలనెలా పాట తగ్గింపులోంచి సభ్యులకు పంచే డివిడెండ్ ఎలా చేసినా ఒకటే. అంటే 12 నెలలు ముందు డబ్బు తీసుకున్నందుకు 51 వేలు వదులుకుంటున్నారు. వడ్డీగా చూస్తే దాదాపు 22 శాతం. బ్యాంకులో పర్సనల్ లోన్‌కు ఈ వడ్డీ చెబితే మీరు లేచి వచ్చేసేవారు. చిట్టీలో అది వడ్డీలా కనబడదు, అంతే తేడా. పైగా లేపినవాళ్లు మిగతా వాయిదాలకు జమానతు చూపించాలి. ఇద్దరు ఉద్యోగస్తులను బతిమాలి సంతకాలు పెట్టించుకోవడం డ్రమ్స్ కోసమా?

ఇప్పుడు మీ చెవిలో ఉండిపోయిన ఆ సౌండ్ గురించి. లుడ్విగ్ 1909లో చికాగోలో మొదలైన కంపెనీ. 1964 ఫిబ్రవరిలో ఇంగ్లండ్ బ్యాండ్ బీటిల్స్ అమెరికా టీవీలో వాయించినప్పుడు వాళ్ల డ్రమ్మర్ రింగో స్టార్ ముందు ఉన్నది లుడ్విగ్ కిట్టే. ఆ తర్వాత ఆర్డర్లు వెల్లువెత్తాయి, కంపెనీ లెక్కకు మించి తయారుచేసింది. కాబట్టి 60ల లుడ్విగ్‌కు పేరు ఎక్కువే గానీ, అది దొరకని వస్తువేమీ కాదు. ‘ఇలాంటిది మళ్లీ దొరకదు’ అని అమ్మేవాళ్లు అంటే ఈ సంగతి గుర్తు పెట్టుకోండి.

ఆ గుండ్రటి సౌండ్ ఎక్కడి నుంచి వస్తుందంటే, అప్పటి షెల్, అంటే డ్రమ్ గుండ్రటి ఒళ్లు, మూడు పొరల పలుచని చెక్క, అంచుల్లో లోపల బలానికి చెక్క రింగులు. హెడ్, అంటే మనం కొట్టే పైపొర, ఆనుకునే అంచు గుండ్రంగా ఉంటుంది. చెక్క ఎక్కువగా తగలడంతో ‘దుమ్’ అని లేచిన మోత త్వరగా అణిగిపోతుంది. ఇప్పటి కిట్లలో ఆ అంచు పదునుగా ఉంటుంది, అందుకే మోత చాలాసేపు మోగుతూ ఉంటుంది. కానీ సగం పని హెడ్‌ది, ట్యూనింగ్‌ది. మన డప్పు సంగతే చూడండి. వానాకాలం దండోరాకు బయల్దేరే ముందు గడ్డి మంట వేసి కాస్తారు. అదే డప్పు కాచక ముందొక రకంగా, కాచాక ఇంకో రకంగా పలుకుతుంది. పాశ్చాత్య డ్రమ్స్ మీద కూడా ఒకప్పుడు తోలే ఉండేది, తేమకు సాగేది. 1957 ప్రాంతంలో ప్లాస్టిక్ హెడ్లు వచ్చాకే ఆ బాధ తప్పింది.

అందుకే ముందు మీ కిట్ మీద ఒక పని చేయండి. టామ్స్‌కు (మధ్యలో ఉండే డ్రమ్ములు), స్నేర్‌కు (అడుగున తీగలుండే చిన్న డ్రమ్) గరుకు పూత ఉన్న ఒంటి పొర కోటెడ్ హెడ్లు వేయించి, కొంచెం వదులుగా ట్యూన్ చేసి, కిక్‌లో (కాలితో వాయించే పెద్ద డ్రమ్) దుప్పటి మడిచి పెట్టండి. పది వేలకు అటూ ఇటూ అవుతుంది. చర్చిలో ఒక ఆదివారం వాయించి, దూరం నుంచి ఫోన్లో రికార్డు చేసి వినండి. ఆ సౌండ్ ముప్పాతిక వంతు వచ్చేసిందనిపిస్తే 2 లక్షల 10 వేలు మిగిలినట్టే. రాలేదా, అప్పుడు పాత కిట్ మీద మీ మోజు నిజమైనదే.

మోజు నిజమైనదే అయినా అది పెట్టుబడి అవ్వదు. పాత కిట్‌కు ధర పలికేది అసలు రూపంలో ఉంటేనే: కొత్త రంధ్రాలు ఉండకూడదు, పైతొడుగు మార్చి ఉండకూడదు, హెడ్‌ను పట్టి ఉంచే హూపులు (కడియాలు), లగ్గులు (బిగింపులు) అన్నీ అప్పటివే అయ్యుండాలి. మీరేమో దాన్ని ట్రాలీ ఆటోలో పరకాలకు, నర్సంపేటకు మోసుకెళ్తారు. వాయిస్తే ధర తగ్గుతుంది, వాయించకుండా దాస్తే మీరు కొన్నదెందుకు? రేపు అమ్మాలన్నా వరంగల్‌లో కొనేవాడు ఎవడు? మళ్లీ హైదరాబాదో బెంగళూరో పోవాలి, వాళ్లు చెప్పిందే రేటు. ఇక ఫంక్షన్ హాల్లో మైకులు, సబ్‌వూఫర్ల మధ్య మూడు పొరల చెక్క ఎవరికి వినబడుతుంది? పెళ్లివారు మీకిచ్చేది రూపాయి పెరగదు. ఆషాఢం, మూఢం వస్తే ఆ రూపాయి కూడా ఉండదు. స్టూడియో రికార్డింగులు చేసేవాళ్లయితే నేను ఇంకోలా చెప్పేవాణ్ణేమో.

నన్నడిగితే పాత స్నేర్ ఒక్కటి చూడండి. పాటలో ఎక్కువ వినబడేది అదే, సంచిలో పెట్టుకుని ఏ స్టేజీకైనా తీసుకెళ్లొచ్చు, ధర కిట్‌లో చిన్న భాగం. అల్యూమినియం షెల్ మీద క్రోమ్ పూత ఉన్నదైతే ఆ పూత పొక్కులు లేచి ఉండొచ్చు, అది చూసి బేరం ఆడండి. వచ్చే మూడు నాలుగు నెలల ప్రోగ్రాముల డబ్బుతోనే కొనేయొచ్చు.

కిట్ మొత్తమే కావాలంటే చిట్టీ పూర్తయ్యే దాకా ఆగండి. ఆలోపు అమ్మ పేరున ఆరోగ్య బీమా తీసుకోండి, చిట్టీ డబ్బు వచ్చాక ముందు దాని తర్వాతి ప్రీమియం పక్కన పెట్టండి. కొనే రోజు టేపు, టార్చి తీసుకెళ్లండి. హెడ్లు విప్పించి షెల్‌ను నాలుగు దిక్కులా అడ్డంగా కొలవండి, కొలతలు తేడా వస్తే ఆ షెల్ గుండ్రంగా లేనట్టే. తర్వాత వంటింటి గ్రానైట్ గట్టు మీద షెల్‌ను బోర్లించి, లోపల టార్చి వెలిగించి, గదిలో లైటు ఆర్పండి. అంచు కింద నుంచి వెలుతురు బయటికి వస్తే అక్కడ అంచు అరిగిందన్నమాట. బ్యాడ్జీ మీది సీరియల్ నంబర్ ఒక్కటే చూసి ఏ ఏడాదిదో తేల్చేయకండి, బ్యాడ్జీలు మార్చేవాళ్లూ ఉంటారు. ఇవన్నీ చూడనివ్వనంటే అడ్వాన్సు ఇవ్వకుండా రైలెక్కండి.

ఈ నెల చిట్టీ పాటకు మాత్రం వెళ్లండి. డివిడెండ్ ఎంత పడిందో రాయించుకుని రండి, మీరు పాట పాడకండి.