కారవాన్ ప్రయాణంలో చిన్న చిన్న అగచాట్లు: కోరాపుట్ కొండల్లో మా అనుభవం

మిత్రులతో కలిసి కారవాన్‌లో కొండ దారుల్లో తిరగాలనుకుంటున్నామనీ, పెద్ద ప్రమాదాల సంగతి అలా ఉంచి మామూలుగా ఎదురయ్యే చిన్న చిన్న ఇబ్బందులేమిటో వెళ్ళివచ్చినవారు చెప్పాలనీ మీరు అడిగారు. నేను ఒడిశాలోని కోరాపుట్ జిల్లా జయపురంలో ఉంటాను. ఒక డిసెంబరులో మేము ఐదుగురు చిన్ననాటి స్నేహితులం విశాఖపట్నంలో కారవాన్ అద్దెకు తీసుకొని, సాలూరు ఘాట్ మీదుగా మా జిల్లాకు వచ్చి మూడు రోజులు తిరిగాం. ఇంజను ఒక్కసారి కూడా మొరాయించలేదు, టైరు పంక్చరు కాలేదు. జరిగిన ఇబ్బందుల్లో చాలామటుకు బండి లోపలే, మా చేతులారా జరిగాయి. లోపల మంచాలు, పొయ్యి, కుళాయి కనబడేసరికి మేము దాన్ని ఇల్లే అనుకున్నాం. అది మలుపులు తిరుగుతుందన్న సంగతి సాలూరు దాటేదాకా మాకు తట్టలేదు.

సాలూరు దాటాక జాతీయ రహదారి 26 కొండ ఎక్కడం మొదలుపెడుతుంది. పాత లారీ డ్రైవర్లు ఇప్పటికీ దాన్ని 43వ నంబరు రోడ్డనే అంటారు. మొదటి పెద్ద మలుపులోనే వెనక ఏదో దొర్లిన చప్పుడైంది. పొయ్యి పైనున్న అర తలుపుకు గడియ వేసే పని నాదని నేను అనుకోలేదు, తనదని వంట చూసుకునేవాడూ అనుకోలేదు. ఆవకాయ జాడీ కిందపడి పగిలి, ఆ ఎర్రటి నూనె గచ్చు మీది నున్నటి షీటంతా పరుచుకుంది. ఏమైందో చూద్దామని లేచినవాడు అందులో కాలు పెట్టి, జారి, మంచం కోడు పట్టుకొని వేలాడాడు. ఉన్న తువ్వాళ్ళు రెండూ తుడవడానికి వాడితే నూనె మరింత దూరం పాకిందే తప్ప పోలేదు. పైన టీ దుకాణం నడుపుతున్న ఒక పెద్దావిడ మా అవస్థ చూసి, కట్టెల పొయ్యిలోని చల్లారిన బూడిద చేటలో తెచ్చి, “దీన్ని మందంగా చల్లి టీ తాగినంతసేపు వదిలెయ్యండి బాబూ, అప్పుడు ఊడ్చండి” అన్నారు. అలాగే చేశాం. నూనెనంతా పీల్చుకున్న బూడిద గోధుమ రంగు ముద్దలుగా చీపురుకు వచ్చేసింది. కారం ఘాటు మాత్రం మూడు రోజులూ మాతోనే తిరిగింది.

ఒడిశా సరిహద్దున ఉన్న సుంకి దగ్గర బండి కాగితాలు అడిగారు. అఖిల భారత టూరిస్టు పర్మిట్ ఉన్న మాట నిజమే గాని, అది యజమాని మా ఫోనుకు పంపిన ఫోటోగా ఉంది, ఆ ఫోటో తెరుచుకోవడానికి అక్కడ సిగ్నల్ లేదు. అద్దె బండితో రాష్ట్రం దాటేటప్పుడు బయలుదేరే ముందే కాగితం మీద ప్రింటు తీసుకొని అద్దం దగ్గర పెట్టుకోండి.

మరునాడు శుక్రవారం కావడంతో కూరగాయల కోసం కుందులి సంతకు వెళ్ళాం. నా మాట వినివుంటే బండిని దూరంగా ఆపి నడిచి వెళ్ళేవాళ్ళం, కానీ మిత్రులు వినలేదు. మా బండి ఎత్తు దాదాపు 10 అడుగులు. పైన ఏసీ పెట్టె అదనం. దుకాణాల నీడ కోసం దారికి అడ్డంగా కట్టిన నీలం టార్పాలిన్ తాడు ఒకటి ఆ పెట్టెకు తగులుకొని, అల్లం కుప్పలు పోసుకున్న ఒక గిరిజన మహిళ తల మీది కప్పు మొత్తం మాతోపాటు కదిలింది. ఆమె కోప్పడలేదు, పక్కనున్నవాళ్ళతో కలిసి పడీపడీ నవ్వింది. మేము తాడు తిరిగి కట్టి, అవసరం లేకపోయినా రెండు కిలోల అల్లం కొన్నాం. బండి ఎత్తెంతో ఒక చీటీ మీద అడుగుల్లో రాసి డ్రైవరు ఎదురుగా అంటించాలన్న ఆలోచన మాకు అక్కడే వచ్చింది.

మీరు అన్నిటికన్నా శ్రద్ధగా చదవవలసింది ఆ రాత్రి సంగతి. దేవ్‌మాలి శిఖరం ఎత్తు 1,672 మీటర్లు, ఒడిశాలోకెల్లా ఎత్తైనది. శిఖరానికి కొంచెం దిగువన, గాలికి చాటుగా ఉందని ఒకచోట బండి ఆపాం. నేల వాలును ఎవరూ పట్టించుకోలేదు. పొయ్యి మీది గిన్నెలో ఎసరు ఒకవైపు అంచుదాకా, మరోవైపు సగానికి ఉండడం చూశాక గాని విషయం అర్థం కాలేదు. నిద్రకు ఉపక్రమిస్తే తలలు దిగువకు, కాళ్ళు ఎగువకు అయ్యాయి. చీకట్లో రాళ్ళు ఏరి దిగువ చక్రాల ముందు పేర్చి, బండిని వాటి మీదికి మెల్లగా ఎక్కించాం. సమంగా ఉందో లేదో తెలుసుకోవడానికి అంచున్న పళ్ళెంలో నీళ్ళు పోసి గచ్చు మీద పెట్టి చూస్తే చాలు. ఈ పని వెలుతురుండగా, వంట మొదలుపెట్టకముందే చెయ్యాలి.

అన్నం ఉడకలేదు. అంత ఎత్తున నీళ్ళు 95 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, ఆపైన మంట ఎంత పెంచినా గ్యాసు ఖర్చవుతుందే తప్ప వేడి పెరగదు. కుక్కరుంటే లోపలి ఒత్తిడి వల్ల ఆ లోటు తీరేది. కుక్కరు తెచ్చాం, దాని మూత రబ్బరు మాత్రం జయపురంలో మా ఇంటి గట్టు మీద ఆరుతూ ఉండిపోయింది. పలుకు పలుకుగా ఉన్న అన్నంలో పెరుగు కలుపుకొని తిన్నాం. మరునాడు సెమిలిగుడలో రబ్బరు కొన్నాం; బియ్యం అరగంట నానబెట్టి వండితే ఇబ్బంది లేకపోయింది.

అర్ధరాత్రి చలికి తాళలేక మాలో ఒకడు తన వెంట తెచ్చుకున్న చిన్న హీటరును ప్లగ్గులో పెట్టాడు. అది 800 వాట్లది, ఇన్వర్టరు 1,000 వాట్లది కాబట్టి అభ్యంతరం చెప్పకుండా నడిపింది. చిక్కంతా బ్యాటరీతోనే వచ్చింది. 12 వోల్టుల 100 ఆంపియర్-అవర్ బ్యాటరీలో లెక్కప్రకారం ఉండేది 1,200 వాట్-అవర్లు. లెడ్ యాసిడ్ రకమైతే అది పాడవకుండా సగమే వాడుకోవాలి. అంటే ఆ హీటరుకు ముప్పావు గంట. అప్పటికే ఫ్రిజ్, ఐదు ఫోన్లు కొంత లాగేశాయి. కాసేపటికి కీచుమంటూ ఒక శబ్దం వచ్చి అంతా చీకటైంది. తెల్లవారి మొహం కడుక్కోబోతే కుళాయిలో నీళ్ళు లేవు. నిండు ట్యాంకు మా కాళ్ళ కిందే ఉంది, దాన్ని పైకి తోడే చిన్న పంపు మాత్రం ఆ బ్యాటరీ మీదే నడుస్తుంది. ఐదుగురం ఒక సీసా తాగునీళ్ళతో పళ్ళు తోముకున్నాం. ఈ బండ్లలో నీళ్ళూ కరెంటూ వేరువేరు కావని మాకు ఎవరూ చెప్పలేదు, అందుకే మీకు ఇంత వివరంగా చెబుతున్నాను. చలికి బొగ్గుల కుంపటి లోపల పెట్టుకుందామని కూడా ఆ రాత్రి ఒకరు అన్నారు, నేను గట్టిగా వద్దన్నాను. మూసిన బండిలో బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. రెండు దుప్పట్లు ఎక్కువ తీసుకెళ్ళండి.

పొద్దున్న బయలుదేరేటప్పుడు రాళ్ళు తీశాం, గ్యాసు కట్టేశాం, అరల గడియలు వేశాం, దాంతో అంతా అయిపోయిందనుకున్నాం. తలుపు కింద బయటకు లాగే ఇనప మెట్టును ఎవరూ లోపలికి నెట్టలేదు. యాభై గజాలు వెళ్ళామో లేదో ఒక గట్టుకు తగిలి అది వంగింది. ఆ తరువాత నుంచి తాళం తిప్పే ముందు ఒకరు తప్పనిసరిగా బండి చుట్టూ ఒకసారి తిరిగి, ప్రతిదీ చేత్తో ముట్టుకొని చూసి, డ్రైవరుకు చెప్పాలని పెట్టుకున్నాం. ఎవరి వంతో ముందురోజు రాత్రే తేల్చుకునేవాళ్ళం, ఎందుకంటే స్నేహితుల మధ్య “ఎవరో ఒకరు చూస్తారులే” అన్న ధీమా చాలా ఎక్కువ.

కోరాపుట్ నుంచి జయపురం దిగే ఘాటులో బ్రేకులు కాలిన వాసన వచ్చింది. నిండా నీళ్ళు, సామాను, మనుషులతో ఉన్న బండిని కేవలం బ్రేకు మీద దించితే అవి వేడెక్కి పట్టు తప్పుతాయి. వెనకే వచ్చిన లారీ డ్రైవరు కిటికీలోంచి చెయ్యి ఊపి మమ్మల్ని పక్కకు ఆపించి, ఎక్కేటప్పుడు ఏ గేరు వేస్తామో దిగేటప్పుడూ అదే గేరు వెయ్యాలని చెప్పి, అరగంట ఆగమన్నాడు. చక్రాల మీద నీళ్ళు పొయ్యబోతే అదీ వద్దన్నాడు, ఉన్నట్టుండి చల్లబరిస్తే ఇనుము పగులుతుందట.

మరుగుదొడ్డి డబ్బా శుభ్రం చేసే వంతు గురించి మా మధ్య జరిగిన చర్చ ఇక్కడ రాయతగినది కాదు. దాన్ని వాగుల్లో మాత్రం ఒంపకండి, కొండ కింది ఊళ్ళవారు ఆ నీళ్ళే తాగుతారు. మేము సెమిలిగుడలో ఒక లాడ్జివారిని అడిగి, వంద రూపాయలిచ్చి అక్కడి మరుగుదొడ్డిలో పోసి కడిగాం.

బండి తిరిగి అప్పగించినప్పుడు యజమాని మెట్టు వంగినందుకు మా డిపాజిట్టులోంచి 800 రూపాయలు మినహాయించుకున్నారు. తలుపు తెరిచి లోపలికి తొంగిచూసి, ఒకసారి గాలి పీల్చి, ఏమీ అనకుండా మూసేశారు.