ఆల్బమ్ విన్నాక ఏం రాయాలి: మా చెల్లెలి కొడుక్కి ఒక ఉత్తరం

చిన్నా,

గీస్ బ్యాండ్ ఆల్బమ్ 'గెటింగ్ కిల్డ్' మీద నువ్వు రాసి పంపింది చదివాను. భాష బాగుంది, హుషారు ఇంకా బాగుంది. కానీ మొత్తం చదివాక కూడా ఆ ఆల్బమ్ ఎలా ఉంటుందో నాకు అర్థం కాలేదు. 'మాస్టర్‌పీస్' అన్నావు, 'వైబ్ వేరే లెవెల్' అన్నావు, చివర్లో పదికి 9.2 వేశావు. ఆ మాటలు ఏ ఆల్బమ్ కింద పెట్టినా సరిపోతాయి. ఆ బ్యాండ్ గాయకుడు కామెరాన్ వింటర్ గొంతు గురించి ఒక్క ముక్క లేదేంట్రా? విన్నవాళ్లు రెండుగా చీలిపోయేది అక్కడే కదా. మొదటి పాట 'ట్రినిడాడ్'లో అతను నా కారులో బాంబుందని అరుస్తుంటే కొందరికి ఒళ్లు జలదరిస్తుంది, కొందరు అక్కడే ఆపేస్తారు. నువ్వు ఎటువైపో, ఎందుకో చెప్పు. మిగతాది తర్వాత.

సలహా అడిగావు కాబట్టి చెప్తున్నాను. కాలేజీ రోజుల నుంచి ఈ ఇంగ్లిష్ పాటలు వింటున్నాను, కొన్నాళ్లు ఒక ఇంగ్లిష్ పేపరు ఆదివారం సంచికకు రివ్యూలు కూడా రాశాను. ఇన్నేళ్లలో నేను పట్టుకున్న సూత్రం ఒక్కటే. నచ్చినా నచ్చకపోయినా కారణం పాటలోనే చూపించాలి. నీది చదివినవాడు ఆ పాట పెట్టుకుని, నువ్వు చెప్పిన చోటికి వెళ్లి, 'అవును, ఇక్కడే' అనో, 'అబ్బే, నాకలా అనిపించలేదు' అనో అనగలగాలి. రెండూ లాభమే. ఏదీ అనలేకపోతే మాత్రం నువ్వు రాసింది వృథా.

చెప్పినంత తేలిక కాదు ఇది. మనకు మొదట తోచే కారణం చాలాసార్లు అసలు కారణం కాదు. 2024నాటి రెండు ఆల్బమ్‌లు పక్కపక్కన పెట్టి చూడు. ఏప్రిల్ 19న టేలర్ స్విఫ్ట్ 'ద టార్చర్డ్ పొయెట్స్ డిపార్ట్‌మెంట్' విడుదల చేసింది. ముందు 16 పాటలు. రెండు గంటలు తిరక్కుండానే ఇంకో 15 కలిపి 31 చేసింది. మొత్తం వినాలంటే రెండు గంటల పైమాటే. దానికి కొన్ని వారాల ముందు, మార్చి చివర్లో, కెనడాకు చెందిన పాట్రిక్ ఫ్లెగెల్ సిండీ లీ అనే పేరుతో 'డైమండ్ జూబిలీ' బయటపెట్టడం జరిగింది. అందులో 32 పాటలు. అదీ రెండు గంటల పైనే. వచ్చిన కొత్తలో స్పాటిఫైలో లేదు. జియోసిటీస్ అనే పాత వెబ్‌సైట్ల కాలం నాటి వాలకంతో ఉన్న ఒక పేజీలో ఫైళ్లు, యూట్యూబ్‌లో ఒకే ఒక పొడుగు వీడియో, అంతే.

మొదటిదాని మీద జనం చేసిన పెద్ద ఫిర్యాదు ఏమిటి? మరీ పొడుగుందని. రెండోదాన్ని మెచ్చుకున్నవాళ్లు ఏమన్నారు? ఎంతసేపు విన్నా అయిపోకూడదనిపించిందని. ఇద్దరూ ఒకరే అయిన సందర్భాలు నాకు బాగా తెలుసు. అంటే తప్పు నిడివిది కాదు. ఇంకేదో ఉంది, దాన్ని వెతకాలి.

నా చెవికి తోచింది చెప్తాను. టేలర్ ఆల్బమ్‌లో గొంతు ముందుకొచ్చి నిలబడుతుంది, సంగీతం వెనక్కి తప్పుకుంటుంది. మొదటి సగంలో జాక్ ఆంటొనాఫ్ అనే నిర్మాత చేసిన పాటలు చాలావరకు మధ్యరకం వేగంతో, మెత్తటి సింథ్ (ఎలక్ట్రానిక్ కీబోర్డు) పరుపు మీద నడుస్తాయి. తర్వాతి సగంలో ఇంకో నిర్మాత ఆరన్ డెస్నర్ పియానో, గిటారు ఎక్కువ. పైన మాటలు మాత్రం ఆగవు. ప్రతి లైనూ మన ధ్యాస అడుగుతుంది. అలా రెండు గంటలు ఎవరిస్తారు? సిండీ లీ పాటల్లో మాటలు తక్కువ, ఉన్నవీ సగం మసకే. 1960ల నాటి అమ్మాయిల బృందాల పాటలు ఎక్కడో పాత రేడియోలో పట్టుబడినట్టు ఉంటాయి. గిటారు శబ్దం పాటపాటకూ మారుతుంది. మధ్యలో లేచి వంటింట్లోకి వెళ్లొచ్చినా ఏమీ పోయినట్టుండదు. ఇప్పుడు 'పొడుగు' అనే ఫిర్యాదు 'మాటల రద్దీ' అనే ఫిర్యాదుగా మారింది చూడు. దీంతో ఎవరైనా వాదించవచ్చు. అసలు ఆ మాటల కోసమే టేలర్‌ని వింటామనేవాళ్లు ఉన్నారు, వాళ్లదీ న్యాయమే.

ఇంకో కారణం కూడా ఉంది, అది ఒప్పుకోవడానికి విమర్శకులు సైతం జంకుతారు. ఒకటి స్పాటిఫైలో ఒకే రోజులో 30 కోట్ల సార్లు దాటి విన్న ఆల్బమ్. రెండోది వెతుక్కుని తెచ్చుకోవాల్సిన ఆల్బమ్. కష్టపడి తెచ్చుకున్నదాని మీద మనకు ముందే ప్రేమ ఉంటుంది, ఊరంతా వింటున్నదాని మీద ముందే అనుమానం ఉంటుంది. పేర్లు తారుమారు చేసి ఇస్తే నువ్వు ఇదే మాట రాసేవాడివా? రాసేముందు ఈ ఒక్క ప్రశ్న వేసుకో.

పాప్ అంటే నీకున్న చిన్నచూపు కూడా ఇక్కడిదే. ఈ గొడవ కొత్తది కాదు. 2004లోనే కెలెఫా సానే అనే విమర్శకుడు న్యూయార్క్ టైమ్స్‌లో దీని మీద పెద్ద వ్యాసం రాశాడు. గిటారు పట్టుకుని సొంతంగా రాసుకుని పాడితేనే నిజాయితీ, డాన్స్ పాట పాడితే వ్యాపారం అనే లెక్కను ఉతికి ఆరేశాడు. ఇరవై ఏళ్లు దాటినా ఆ లెక్క పోలేదు, నీ రాతలో 'పాప్ అయినా సరే బాగుంది' అన్న లైను ఉంది. ఆ 'అయినా సరే' తీసేయి. ఇండీ (పెద్ద కంపెనీల అండ లేని సంగీతం) అన్న మాటను కూడా మెచ్చుకోలుగా వాడకు. ఆర్కేడ్ ఫైర్ బ్యాండ్ మెర్జ్ అనే చిన్న సంస్థ నుంచి వచ్చి 2011లో ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్‌గా గ్రామీ కొట్టినప్పుడు, వీళ్లెవరసలు అని టీవీ చూసినవాళ్లు గగ్గోలు పెట్టారు. 2020లో టేలర్ స్విఫ్ట్ ఒక పెద్ద కంపెనీలో ఉంటూనే డెస్నర్‌తో కలిసి 'ఫోక్‌లోర్' చేస్తే వినడానికి అచ్చం ఇండీలా ఉంది. అదే ఏడాది గాయని చాపెల్ రోన్‌ని ఆమె కంపెనీ వదిలేసింది. ఆమె పాడేది మాత్రం నూటికి నూరుపాళ్లు పాప్. ఏది ఇండీ అంటావు ఇప్పుడు? సంస్థ గురించా, శబ్దం గురించా, ఏది చెప్తున్నావో తేల్చుకుని రాయి.

ఇక వినడం సంగతి. షఫుల్‌లో, అంటే పాటల వరుస కలిపేసి, వినొద్దు. 2021 నవంబర్‌లో అడెల్ అడిగితే స్పాటిఫై వాళ్లు ఆల్బమ్ పేజీలో ముందే కనిపించే షఫుల్ బటన్ తీసేశారు. పాటల వరుస ఊరికే పెట్టరని ఆమె వాదన. బిల్లీ ఐలిష్ 'హిట్ మీ హార్డ్ అండ్ సాఫ్ట్' చూడు, పది పాటలే. ఆల్బమ్ కంటే ముందు ఒక్క పాట కూడా బయటికి వదల్లేదు, మొత్తం ఒకేసారి వినమన్నట్టు. అందులో 'లామూర్ డి మా వీ' మెల్లగా నడిచి సగంలో హఠాత్తుగా పరుగెత్తే ఎలక్ట్రానిక్ పాటైపోతుంది. ఆ మలుపు నచ్చనివాళ్లు చాలామంది ఉన్నారు, నాకు భలే నచ్చింది. కానీ దాని ముందున్నవి వినకుండా దాని మీద తీర్పు చెప్పడం కుదరదు.

ముప్పై సెకన్ల అలవాటు కూడా మానుకో. స్పాటిఫైలో ముప్పై సెకన్లు వింటే ఒక ప్లే లెక్క, అందుకని పాటలు తలుపు తీయగానే మీద పడుతున్నాయి. ద క్యూర్ బ్యాండ్ వాళ్లు పదహారేళ్ల తర్వాత 2024లో తెచ్చిన 'సాంగ్స్ ఆఫ్ ఎ లాస్ట్ వరల్డ్' తీసుకో. మొదటి పాట 'అలోన్'లో రాబర్ట్ స్మిత్ గొంతు రావడానికి మూడు నిమిషాలు దాటుతుంది. ఆ మూడు నిమిషాలు విసుగు అనేవాళ్లున్నారు. ఉండనీ. పూర్తిగా విని విసుగొస్తే ఆ మాట రాసే హక్కు వాళ్లకుంది.

ఇయర్‌బడ్స్‌లో ఒకసారి, మామూలు స్పీకర్లలో ఒకసారి విను. యాప్ సెట్టింగ్స్‌లో ఆడియో నార్మలైజేషన్ (అన్ని పాటలనూ ఒకే స్థాయి శబ్దంలో వినిపించేది) ఆన్‌లో ఉందో లేదో చూసుకో. గట్టిగా వినిపించేది బాగున్నట్టే అనిపిస్తుంది మన చెవికి. రెండు ఆల్బమ్‌లు పోల్చేటప్పుడు ఇది దెబ్బతీస్తుంది.

విడుదలైన రాత్రే రాయకు. చార్లీ ఎక్స్‌సీఎక్స్ 'బ్రాట్' ఆల్బమ్ మొదటిసారి వింటే క్లబ్ గోలే, నిర్మాత ఏ.జి. కుక్ చేసిన గరుకు సింథ్‌లే చెవిలో మిగులుతాయి. ఆ పచ్చ కవరు మీద జోకులు వేసుకుని చాలామంది అక్కడే ఆగారు. కొన్ని రోజులు పోయాక 'ఐ థింక్ అబౌట్ ఇట్ ఆల్ ద టైమ్' వినబడుతుంది. బిడ్డను కనాలా వద్దా, టైమ్ దాటిపోతోందా అని ఒక ఆడది తనలో తాను మాట్లాడుకుంటున్న పాట. 'సో ఐ' అయితే 2021లో పోయిన స్నేహితురాలు సోఫీ కోసం. ఇవి విన్నాక ముందున్న గోల కూడా వేరేలా వినిపిస్తుంది.

మనవాళ్ల అలవాటు ఒకటుంది, నీకూ ఉంది: ఏ పాట విన్నా 'ఇది ఫలానాది కాపీ' అనడం. సినిమా పాటల దగ్గర మనకబ్బిన విద్య అది. అనేముందు ఏది కలిసిందో చెప్పు. ట్యూనా, గిటారు తీగల వరుసా, ఊపా? తీగల వరుసలు వేల పాటల్లో ఒకటే ఉంటాయి, వాటిని ఎవరూ సొంతం చేసుకోలేరు. ఒలీవియా రోడ్రిగో 'గుడ్ ఫోర్ యు' వచ్చినప్పుడు పారామోర్ బ్యాండ్ పాటలా ఉందని శ్రోతలే ముందు పట్టుకున్నారు. 2021 ఆగస్టుకల్లా ఆ పాట రాసిన హేలీ విలియమ్స్, జోష్ ఫారోల పేర్లు రచయితల్లో చేరాయి. ఆ శ్రోతలు రెండు పల్లవులనూ పక్కపక్కన పెట్టి వినిపించారు, అందుకే ఆ మాట నిలిచింది.

మాటలు అర్థం కాకపోతే లిరిక్స్ చూడు, తప్పేం లేదు, కానీ మొదటిసారే చూడకు. ఎంజే లెండర్‌మన్ 'మ్యానింగ్ ఫైర్‌వర్క్స్'లో జోకులున్నాయి. ఓడిపోయిన మగాళ్ల మీద, నవ్వాలో జాలిపడాలో తెలియని జోకులు. కాగితం మీద చదివితే చప్పగా ఉంటాయి. ఆ నార్త్ కరొలైనా సాగదీత, వెనక పెడల్ స్టీల్ అనే గిటారు ఏడుపు కలిస్తేనే పేలతాయి. అది తెలుగులో ఎలా చెప్పాలో నువ్వే చూసుకో, అక్కడే నీ పనితనం తెలిసేది.

అభిమానులతో జాగ్రత్త. పైన చెప్పిన టేలర్ ఆల్బమ్ మీద పేస్ట్ అనే సంగీత పత్రిక ఘాటైన రివ్యూ వేసినప్పుడు రాసినవారి పేరు పెట్టలేదు. 2019లో ఆమె 'లవర్' ఆల్బమ్ మీద రాసిన మనిషికి బెదిరింపులు వచ్చాయట, అందుకని దాచామని వాళ్లే చెప్పారు. నీకంత టెన్షన్ రాదులే. అయినా పాటను విమర్శించు, పాడినవాళ్ల సంసారాన్ని కాదు. ఏ పాట ఏ మాజీ ప్రియుడి మీదో తేల్చే పని పెట్టుకుంటే సంగీతం గురించి రాయడానికి చోటు మిగలదు.

మార్కుల మాటకొస్తే, 9.2కీ 9.1కీ తేడా నువ్వు నాకు చెప్పగలవా? ఈ దశాంశాల పిచ్చి పిచ్‌ఫోర్క్ అనే సంగీత రివ్యూల సైటు అంటించింది. మార్కు వేయకుండా రాయడం అలవాటు చేసుకో, అప్పుడు మాటల మీద బరువు పడుతుంది. గీస్ రాతలోంచి ఆ అంకె కొట్టేసి, మూడు చోట్లు ఎంచుకుని, ఏ పాటలో ఏ నిమిషం దగ్గర నీకేమైందో రాసి మళ్లీ పంపు.

పాత రాతలు చెరిపేయకు. వీజర్ బ్యాండ్ ఆల్బమ్ 'పింకర్టన్' 1996లో వచ్చినప్పుడు రోలింగ్ స్టోన్ పాఠకులు దాన్ని ఆ ఏటి చెత్త ఆల్బమ్‌లలో చేర్చారు. 2002లో అదే పత్రిక పాఠకులు అన్ని కాలాల గొప్ప ఆల్బమ్‌ల ఓటింగులో దానికి 16వ స్థానం ఇచ్చారు. డాఫ్ట్ పంక్ 'డిస్కవరీ'కి 2001లో 6.4 ఇచ్చిన పిచ్‌ఫోర్క్ 2021లో దాన్ని 10 చేసింది. అలా చేసినా పాత రివ్యూను మాయం చేయలేదు. నీ మనసు మారినప్పుడు కింద తేదీ వేసి, ఏం విన్నాక మారిందో ఇంకో పేరా చేర్చు. పైన రాసింది అలాగే ఉండనీ.

ఉంటాను,
మీ పెద్దమ్మ