అద్దాల తొట్టెలో పచ్చ పాచి పోయి జిగురు పాచి పట్టింది, ఏం చేయాలి?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ జిల్లా, గుణుపురం దగ్గర పల్లె. పత్తి, వరి వేస్తాం. మా అబ్బాయి బరంపురం నుంచి తెచ్చిన చెర్రీ రొయ్యలను, నత్తలను వరండాలో 2 అడుగుల అద్దాల తొట్టెలో పెంచుతున్నాం. పిల్లలు పెరిగితే అమ్ముకోవచ్చని ఆశ. ఇప్పుడు రొయ్యలు వందకు పైగా, నత్తలు 12 ఉన్నాయి. మొదట్లో అద్దం మీద మెత్తటి పచ్చ పాచి పట్టేది, అదే తినేవి. పాచి తగ్గిందని రోజూ రెండు పూటలా గుళికల మేత వేస్తున్నాం, లైటు 12 గంటలు ఉంచుతున్నాం. నెల నుంచి అడుగున, రాళ్ల మీద నీలం కలిసిన ముదురాకుపచ్చ జిగురు పరుచుకుంటోంది. పట్టుకుంటే తెరలా ఊడివస్తుంది, కంపు కొడుతుంది. నత్తలు దాని జోలికి పోవు. వాటి గుల్లలు తెల్లబడి గుంటలు పడుతున్నాయి, అప్పుడప్పుడు ఒకటి రెండు రొయ్యలు చస్తున్నాయి. వానలు మొదలైన దగ్గర్నుంచి గెడ్డ (కొండవాగు) నీళ్లు, వాన నీళ్లే పోస్తున్నాం. పిల్లి రాకుండా పైన పాత దోమతెర కప్పాం. చిటికెడు మైలుతుత్తం వేస్తే చాలని పక్కింటాయన అంటున్నాడు. వేయవచ్చా?

జవాబు: వేయకండి. మైలుతుత్తం అంటే కాపర్ సల్ఫేట్, అందులో రాగి ఉంటుంది. పంట తెగుళ్లకు కొట్టే బోర్డో మిశ్రమంలో శిలీంధ్రాన్ని చంపే ఆ రాగే రొయ్యలనూ నత్తలనూ చంపుతుంది. చిటికెడు అంటే పావు గ్రామే అనుకుందాం. మీ తొట్టెలో రాళ్లూ ఖాళీ పోను నీరు సుమారు 50 లీటర్లు ఉంటుంది. అంటే లీటరుకు 5 మిల్లీగ్రాముల మైలుతుత్తం, అందులో నాలుగో వంతు రాగి. చెర్రీ రొయ్యకు ఆ రాగిలో పదో వంతు కూడా ప్రమాదమే. పైగా వాన నీరు, గెడ్డ నీరు లాంటి మెత్తటి నీటిలో రాగి మరింత విషమవుతుంది. షాపుల్లో దొరికే పాచి మందుల్లోనూ, నత్తల మందుల్లోనూ చాలావాటిలో ఉండేది ఈ రాగే. ఒకసారి వేస్తే రాళ్లకు, ఇసుకకు పట్టుకుని నీళ్లు మార్చాక కూడా కొద్దికొద్దిగా దిగుతూనే ఉంటుంది.

మీరు చెప్పిన గుర్తులను బట్టి ఆ జిగురు అసలైన పాచి కాదు. అది నీలి ఆకుపచ్చ నాచు, బాక్టీరియా కోవలోకి వస్తుంది. వరి మడిలో జీవన ఎరువుగా చల్లేది దీని చుట్టాలనే. మడిలో మేలు చేసే ఆ కోవే తొట్టెలో చేటు చేస్తుంది. తెరలా పరుచుకుని కింద గాలి ఆడనివ్వదు, పచ్చ పాచికి చోటు లేకుండా చేస్తుంది. నత్తలకు అది మేత కాదు. కాబట్టి పాచి అంతటినీ చంపడం కాకుండా, జిగురును తీసేసి పచ్చ పాచిని మళ్లీ పట్టించడం మీద మనసు పెట్టాలి. మీ రొయ్యలకు అదే పచ్చిమేత.

ఇలా ఎందుకు జరిగిందో మీ ఉత్తరంలోనే ఉంది. మేసే నోళ్లు పెరిగాయి, పచ్చ పాచి వచ్చింది వచ్చినట్టే అయిపోయింది. ఆ లోటు పూడ్చడానికి గుళికలు రెండు పూటలా వేశారు. తినగా మిగిలింది అడుగున కుళ్లింది. నీటి కదలిక తక్కువగా ఉండి, కుళ్లు పేరుకుని, లైటు 12 గంటలు వెలిగే చోట నీలి నాచుకు ఎదురుండదు. స్పాంజి ఫిల్టర్ మూసుకుపోయిందేమో కూడా చూడండి. దాన్ని తొట్టె నుంచి తీసిన నీళ్లలోనే పిండాలి, కుళాయి నీళ్లలో కాదు. అందులో బతికే మేలు బాక్టీరియా చస్తే అమ్మోనియా పెరుగుతుంది.

జిగురు తీయడం ఇలా. సన్నటి ప్లాస్టిక్ గొట్టంతో సైఫన్ పెట్టి దాన్ని నీళ్లతో సహా బయటికి లాగేయండి. గీకి నీళ్లలో కలపకండి. ఆ పూట ఐదో వంతుకు మించి నీరు పోకూడదు, మిగిలింది మర్నాడు తీయవచ్చు. తరువాత 3 రోజులు లైటు ఆపి, తొట్టె చుట్టూ నల్లటి గుడ్డ కప్పి చీకటి చేయండి. ఆ మూడు రోజులూ మేత వద్దు. గాలి మోటారు రాత్రింబవళ్లు తిరగాలి, ఎందుకంటే చచ్చిన నాచు కుళ్లేటప్పుడు నీటిలోని ఆక్సిజన్‌ను లాగేస్తుంది. మూడు రోజుల చీకటి వల్ల రొయ్యలకు, నత్తలకు ఏమీ కాదు. నాలుగో రోజు మళ్లీ ఐదో వంతు నీరు మార్చి, లైటు 6 గంటలతో మొదలుపెట్టండి. పచ్చ పాచి కనిపించాక 8 గంటలకు పెంచవచ్చు, అంతకు మించి వద్దు. కొందరు యాంటీబయాటిక్ బిళ్లలు వేయమని చెబుతారు. జిగురు పోతుంది గానీ ఫిల్టర్‌లోని మంచి బాక్టీరియాకూ దెబ్బ తగలవచ్చు, నేను సిఫారసు చేయను.

ఇక పచ్చ పాచిని పెంచడం. తొట్టెలోనే అన్నీ సాధించాలని చూడకండి. అరచేతిలో పట్టే నున్నటి రాళ్లు పదీ పదిహేను ఏరి, బాగా కడిగి, వెడల్పు నోటి గాజు సీసాలో గానీ తెల్ల టబ్బులో గానీ వేసి, తొట్టె నుంచి తీసిన పాత నీరు పోయండి. జిగురు ఉన్నప్పటి నీరు మాత్రం వద్దు, శుభ్రపడిన తరువాతి నీరు వాడండి. రోజుకు కొన్ని గంటలు ఎండ తగిలే చోట పెడితే వారం పది రోజుల్లో రాళ్ల మీద పచ్చటి పొర పడుతుంది. అందులో నాలుగు రాళ్లు తొట్టెలో వేయండి, మేసి నున్నగా చేశాక తీసి మళ్లీ సీసాలో వేయండి. బీడును భాగాలు చేసి పశువులను మార్చి మార్చి మేపినట్టు ఇది సాగుతుంది. సీసాలో దోమలు గుడ్లు పెట్టకుండా గుడ్డ కట్టడం మరిచిపోవద్దు. తొట్టె అద్దాల్లో కూడా ముందు అద్దం ఒక్కటే తుడవండి, వెనకదీ పక్కవీ వదిలేయండి. అద్దాలన్నీ తళతళలాడించడం చూడ్డానికి బాగుంటుంది గానీ పిల్ల రొయ్యల నోటి దగ్గరి కూడు తీసేయడమే.

పాచి చాలని రోజుల్లో గుళికలకు బదులు రాలి ఎండిన బాదం ఆకు ఒకటి వేయండి. దాని మీద పట్టే సన్నటి పొరను రొయ్యలు రోజుల తరబడి మేస్తాయి. గుళికలు వేస్తే రోజు విడిచి రోజు, రెండు గంటల్లో అయిపోయేంతే. 12 నత్తలు ఈ తొట్టెకు ఎక్కువ, మూడు నాలుగు చాలు.

ఎరువు సంగతి అడగలేదు గానీ రైతుకు ఆ ఆలోచన వస్తుంది కాబట్టి చెబుతున్నా. యూరియా, డి.ఏ.పి. తొట్టెలో వేయకూడదు. యూరియా అమ్మోనియాగా మారుతుంది. డి.ఏ.పి.లోని భాస్వరం నీలి నాచుకే బలం. ముందు పరీక్ష పట్టీతో నైట్రేట్ చూడండి. లీటరుకు 5 నుంచి 20 మిల్లీగ్రాములు ఉంటే ఏమీ అక్కర్లేదు. ఎక్కువ ఉంటే మేత ఇంకా తగ్గించాలి. అసలే లేకపోతే 13-0-45 (పొటాషియం నైట్రేట్) ఎరువు 10 గ్రాములు లీటరు నీటిలో కరిగించి, వారానికి 10 మిల్లీలీటర్లు వేయండి. దాంతో మీ తొట్టెలో నైట్రేట్ లీటరుకు ఒక మిల్లీగ్రాము చిల్లర మాత్రమే పెరుగుతుంది. సూక్ష్మపోషకాల మిశ్రమాల్లో రాగి ఉంటుంది, వాటి జోలికి వద్దు.

గుల్లలు గుంటలు పడటం నీటిలో కాల్షియం లేకపోవడం వల్ల. వాన నీటిలో అది దాదాపు ఉండదు, కొండల నుంచి వచ్చే గెడ్డ నీటిలోనూ తక్కువే. కుబుసం విడిచేటప్పుడు రొయ్యలు చావడానికీ ఇది కారణం కావచ్చు. చచ్చిన రొయ్యకు తల వెనుక తెల్లటి గీత చుట్టూ ఉంటే అదేనని దాదాపు ఖాయం. ఆయుర్వేద దుకాణాల్లో దొరికే సముద్రపు నురుగు (కటిల్ చేప ఎముక) ముక్క ఒకటి నీటిలో వేయండి, లేదా ఉడకబెట్టి నలిపిన కోడిగుడ్డు పెంకులు గుడ్డ సంచిలో కట్టి వేలాడదీయండి. సున్నం మాత్రం కలపకండి, పి.హెచ్. ఒక్కసారిగా ఎగబాకుతుంది. బోరు నీరు ఉప్పగా లేకపోతే సగం బోరు, సగం వాన నీరు కలిపి వాడండి. ఒకేసారి కాకుండా రెండు మూడు వారాల్లో మార్చండి. పత్తికి మందు కొట్టే రోజుల్లో గెడ్డ నీరు అసలు వాడొద్దు, చేల మీది నీరు అందులోకే దిగుతుంది.

దోమతెర ఇవాళే తీసేయండి. మీ వైపు మలేరియా నివారణకు ప్రభుత్వం పంచే తెరలకు డెల్టామెత్రిన్ లాంటి సింథటిక్ పైరిత్రాయిడ్ పట్టించి ఉంటుంది. మీరు పత్తి పురుగుకు కొట్టే మందుల కుటుంబమే అది, రొయ్య కూడా ఆ పురుగులాగే తట్టుకోలేదు. దోమల బిళ్లలు, లిక్విడ్ మెషిన్లు కూడా వరండాలో పెట్టకండి. మందు కొట్టి వచ్చిన చేయి సబ్బుతో కడిగినా తొట్టెలో పెట్టొద్దు, ఆ పని ఇంట్లో వేరేవాళ్లకు అప్పగించండి. ఒక ఆనవాలు గుర్తుంచుకోండి. రొయ్యలు పొర్లుతూ చస్తూ నత్తలూ పాచీ బాగుంటే పురుగుమందును అనుమానించాలి. నత్తలు కూడా ముడుచుకుపోయి, పాచి పాలిపోతే రాగి అనుకోవాలి.

ఎక్కువైన నత్తలను వాగులో, మడిలో వదలకండి. అవి ఆపిల్ నత్తలైతే మరీ ప్రమాదం, ఆగ్నేయాసియా వరి రైతులకు అవి పెద్ద తలనొప్పి అయ్యాయి. అలాగే చెరువు నత్తలను తెచ్చి తొట్టెలో వేయొద్దు, వాటిలో కొన్ని పశువుల కార్జపు జలగలకు ఆశ్రయమిస్తాయి.

మూడు వారాల తరువాత కూడా జిగురు తిరిగి వస్తుంటే, తొట్టె నీరు ఒక సీసాలో, మీరు పోసే నీరు ఇంకో సీసాలో పట్టుకుని బరంపురం దగ్గరి రంగైలుండ మత్స్య కళాశాలలో అడగండి. ఏ రోజు ఏ నీరు పోశారో, చేలో ఏ మందు ఎప్పుడు కొట్టారో ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి.