పొగతో గీస్తామా, మసిలో గీస్తామా?

సందేహం: మా బడి పిల్లలు కొవ్వొత్తి మంట మీద కాగితం ఆడించి, అంటుకున్న నలుపులో ఇంటి పెద్దల ముఖాలు తెప్పించారు. ప్రదర్శనకు ‘పొగతో గీసిన ముఖచిత్రాలు’ అని బోర్డు రాయించాను. పొగతో గీయడమేమిటి, ‘పొగబెట్టి వేసిన బొమ్మలు’ అనాలంటున్నారు తోటి టీచర్లు. ఏది సరి?
– ఒక డ్రాయింగ్ టీచర్, నల్లగొండ

సమాధానం: ‘పొగబెట్టి’ మాత్రం వద్దండి. పొమ్మనలేక పొగబెట్టడమే ముందు గుర్తొస్తుంది. కాగితానికి పొగ ‘పట్టిస్తాం’.

మీరు రాసిన ‘గీసిన’ చక్కని మాట. గీయడమంటే పెన్సిలుతో గీతలు పెట్టడం ఒక్కటే కాదు. గడ్డం గీసుకుంటాం. మీ జిల్లాలో గౌడన్నలు తాటిచెట్టెక్కి కల్లు గీస్తారు, అంటే గెల కొసను కత్తితో పలుచగా చెక్కుతారు. రెండుచోట్లా పైనున్నది తీసేయడమే పని. మీ పిల్లలు చేసిందీ అదే. పూర్తిగా కాలని కర్బన రేణువులు మసిగా కాగితానికి అంటుకుంటాయి. ఇంట్లో ఆముదం దీపం మీద కాటుక పట్టే తీరే ఇది. ఆ మసిని ఈకతో, కుంచెతో, సూదిమొనతో తీస్తూ పోతే ముఖం తేలుతుంది. తాత మీసంలో తెల్ల వెంట్రుక, అవ్వ కంటి మెరుపు అక్కడ వేసినవి కావు, కాగితం బయటపడి వచ్చినవి. ఇంత పనిని ‘గీయడం’ అనే ఒక్క క్రియ మోస్తోంది, దాన్ని వదులుకోకండి.

చిక్కంతా ‘తో’ దగ్గరే. ‘మట్టితో చేసిన’ అన్నప్పుడు అది ముడిసరుకును చెబుతుంది. ‘గీసిన’ పక్కన చేరితే ముందు పనిముట్టే గుర్తొస్తుంది. ఇక్కడ పనిముట్టు సూది, ఈక. పైగా పొగ ఉండిపోయేది కాదు, కాగితం మీద మిగిలింది మసి. కాబట్టి ‘మసిలో గీసిన’ అనండి. మసి అంటే చిన్నతనమని కొందరు జంకుతారు. కాటుక కూడా మసే కదా!

కళకు పేరు కావాలంటే ‘పొగచిత్రం’ బాగుంటుంది. 1930లలో ఈ పద్ధతిని తన చిత్రాల్లోకి తెచ్చిన వోల్ఫ్‌గాంగ్ పాలెన్ దాన్ని ‘ఫ్యూమాజ్’ అన్నాడు, అదీ ఫ్రెంచిలో పొగకున్న మాట నుంచి పుట్టిందే. ‘పొగచిత్రం’లో తెలుగు, సంస్కృతం కలిశాయని అనుమానం అక్కర్లేదు, పాలసముద్రమూ అలాంటిదే.

‘ముఖచిత్రం’ పత్రిక అట్టమీది బొమ్మకు స్థిరపడిపోయింది. బోర్డును ‘కొవ్వొత్తి మసిలో గీసిన రూపచిత్రాలు’ అని మార్పించండి. ఒక్కో బొమ్మ కింద గీసిన పిల్లల పేరు తప్పక ఉండాలి.