పద్నాలుగేళ్ల కుర్రాడిని నేరుగా ఫార్ములా 4లో చేర్చాలా?

తోట అమ్మకండి. ఆ అవసరం ఇంకా రాలేదు.

మీది పలాస అన్నారు. మేనల్లుడికి పద్నాలుగేళ్లు, సిమ్యులేటర్ మీద బాగా నడుపుతున్నాడు, వచ్చే ఏడాది ఫార్ములా 4లో (ఎఫ్4, ఫార్ములా 1 వైపు వెళ్లే దారిలో కుర్రాళ్లు ఎక్కే తొలి మెట్టు రేసు కార్లు) చేర్పించడానికి జీడితోట అమ్మాలా అని అడిగారు. నాది విజయనగరం. మెకానికల్ చదివాక కోయంబత్తూరులో ఒక ఫార్ములా ఎల్‌జీబీ (మన దేశంలో జరిగే చిన్న రేసు కార్ల సిరీస్) టీమ్‌లో మెకానిక్‌గా చేరి, తర్వాత డేటా చూసే పనికి మారాను. ఏ కుర్రాడు ఎందుకు పైకొచ్చాడో, ఏ ఇంట్లో డబ్బు ఎలా కరిగిపోయిందో పక్కనుండి చూశాను.

మీవాడి కోరికలో తప్పేం లేదు. ఎఫ్4 మొదటి సీజన్ 2014లో ఇటలీలో జరిగింది, మన దేశానికి 2023లో వచ్చింది. పదిహేనేళ్లు నిండితే ఎంట్రీ ఇస్తారు. ఛాంపియన్‌కి 12 సూపర్ లైసెన్స్ (ఎఫ్1 నడపడానికి కావలసిన లైసెన్స్) పాయింట్లు వస్తాయి. ఎఫ్1కి మూడేళ్లలో 40 కావాలి. ఇటలీ కుర్రాడు ఆంటొనెల్లి 2022లో ఇటలీ ఎఫ్4 గెలిచి, 2025కల్లా ఎఫ్1లో మెర్సిడెస్ సీట్లో కూర్చున్నాడు. కానీ అతను ఎఫ్4కి రాకముందు ఏళ్ల తరబడి కార్టింగ్ (కార్ట్ అనే చిన్న రేసు బండి నడపడం) చేశాడు. మీవాడు ఇంకా కార్ట్ ఎక్కలేదు.

ఎఫ్4, ఎల్‌జీబీ లాంటి సిరీస్‌లలో అందరికీ ఒకే రకం బండి, ఒకే ఇంజన్, ఒకే టైర్లు. అంటే పక్కవాడికీ మనవాడికీ ల్యాప్ (ట్రాక్ ఒక చుట్టు) టైమ్‌లో తేడా వచ్చిందంటే అందులో చాలా భాగం డ్రైవర్‌దే. ఆ తేడా ఎంతో తక్కువ ఖర్చులో ముందే తెలుసుకోవచ్చు. కోట్లు పోసి ఎఫ్4లో తెలుసుకోనక్కర్లేదు.

అందుకే ముందు కార్టింగ్. కార్ట్‌కి సస్పెన్షన్ ఉండదు, డిఫరెన్షియల్ (మలుపులో వెనక చక్రాలు రెండూ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే భాగం) ఉండదు. లోపలి వెనక చక్రం కాస్త లేస్తేనే బండి సరిగ్గా తిరుగుతుంది. బ్రేకు ఎప్పుడు వదలాలి, బరువు ఎటు పోతోంది అన్నది ఒంటికి తెలుస్తుంది. ఇంట్లో సిమ్యులేటర్ లైన్ (మలుపులో బండి పట్టాల్సిన దారి) నేర్పుతుంది గానీ ఇది నేర్పదు. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో సెలవుల్లో వారం రోజులు ఉంచి, ఏళ్లుగా నడుపుతున్న పిల్లలతో ఒకే ట్రాక్ మీద టైమ్ పోల్చి చూడండి.

ఆ తేడా తగ్గుతూ వస్తే తర్వాతి మెట్టు ఎల్‌జీబీ. మారుతి 1.3 లీటర్ ఇంజన్, చేత్తో మార్చే గేర్లు, రెక్కలు లేవు. రెక్కలు లేవు కాబట్టి ముందు బండి వెనక గాలిచాటున అతుక్కుని వెళ్లొచ్చు. గుంపులో పోరాటం అంటే ఏంటో అక్కడ నేర్చుకుంటారు. దీన్ని పాత బండి అని చిన్నచూపు చూసే తల్లిదండ్రుల్ని చాలామందిని చూశాను, నాకు బాధేస్తుంది. ఎఫ్4 బండికి కార్బన్ ఫైబర్ బాడీ, స్లిక్ టైర్లు (గాట్లు లేని నున్నటి టైర్లు), స్టీరింగ్ వెనక గేర్లు ఉంటాయి. పవర్ స్టీరింగ్ మాత్రం ఉండదు. భుజం, మెడ గట్టిపడకుండా చెన్నై ఎండలో అది ఎక్కితే సగం రేసుకే కుర్రాడు నీరసించిపోతాడు.

ఇంకొకటి, నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది. బండి దిగాక ఏం చెప్తాడో గమనించండి. మా దగ్గర ఒకబ్బాయి ఎప్పుడూ "బండి బాలేదన్నా" అనేవాడు. ఇంకో అబ్బాయి "మూడో మలుపులో తిప్పగానే ముందు చక్రాలు జారుతున్నాయి, గ్యాస్ వదిలితే సర్దుకుంటోంది" అనేవాడు. లాగర్ (బండి వేగం, స్టీరింగ్, గ్యాస్ లాంటివి నమోదు చేసే పరికరం) తీసి చూస్తే అచ్చం అదే కనిపించేది. రెండోవాడు మొదట్లో నెమ్మదిగానే ఉండేవాడు. సీజన్ చివరికి మొదటివాడు అతన్ని అందుకోలేకపోయాడు.

చదువు గురించి భయం వద్దు. నేషనల్ రేసులు ఎక్కువగా ఏడాది రెండో సగంలో ఉంటాయి, పదో తరగతి పరీక్షలు మార్చిలో. రేసు లైసెన్స్ ఎఫ్ఎంఎస్‌సీఐ (మన దేశంలో మోటార్ రేసులు చూసే సంఘం) ఇస్తుంది, మెడికల్ సర్టిఫికెట్ అడుగుతారు. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పండి: ప్రాక్టీస్ పేరుతో హైవే మీద బండి తీయకూడదు. వాడి ప్రాణంతో పాటు రోడ్డు మీద పోయేవాళ్ల ప్రాణం కూడా పోతుంది.

డబ్బు కట్టే ముందు ఒక రేసు వారాంతం చూసి రండి. విజయనగరంలో బొకారో ఎక్స్‌ప్రెస్ ఎక్కితే కోయంబత్తూరులో దిగొచ్చు, కరి మోటార్ స్పీడ్‌వే ఊరి బయట చెట్టిపాళయంలో ఉంది. పాడాక్‌లో (టీమ్‌లు బండ్లు ఉంచుకునే చోటు) టీమ్ వాళ్లను సీటు అద్దె ఎంత, అందులో టెస్ట్ రోజులు ఎన్ని, బండి గుద్దితే రిపేరు ఎవరు కట్టాలి అని అడగండి. మూడోదానికి సమాధానం కాగితం మీద రాయించుకోండి.